లినక్స్ కెర్నల్ మెయిలింగ్ లిస్టు: చేరడం, నెట్టుకురావడం, బయటపడటం – కొత్తవారికి సమగ్ర మార్గదర్శి

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కోడు) మీద పని నేర్చుకుందామని వచ్చే బీటెక్ విద్యార్థుల్లో చాలామంది మొట్టమొదట చేసే పని, కెర్నల్ పెద్ద మెయిలింగ్ లిస్టులో చేరిపోవడం. ఒక చిరునామాకు రాస్తే చేరినవాళ్లందరికీ వెళ్లే ఏర్పాటది. మర్నాటికి ఇన్‌బాక్సులో వెయ్యి మెయిళ్లు పడతాయి. ప్లేస్‌మెంట్ సెల్ నుంచి రావాల్సిన ఇంటర్వ్యూ కబురు ఆ గుట్టలో ఎక్కడో కూరుకుపోతుంది. వారం తిరక్కుండానే విసుగెత్తి "దయచేసి నన్ను తీసేయండి" అని లిస్టుకే మెయిలు పెడతారు. అది వేలమందికి వెళుతుంది. ఎవరూ తీసెయ్యరు, ఎందుకంటే ఆ పని చేసే మనిషంటూ అక్కడ ఎవరూ కూర్చుని ఉండరు. పైగా ఆ మెయిలు పంపినవాళ్ల పేరుతో సహా ఆర్కైవులో, అంటే పాత మెయిళ్ల బహిరంగ నిల్వలో, మిగిలిపోతుంది.

చేరడమే మొదటి మెట్టు అనుకోవడం వల్ల వచ్చే తంటా ఇదంతా. ఈ లిస్టును చదవడానికి అందులో చేరనక్కర్లేదు. అందులో రాయడానికీ చేరనక్కర్లేదు. చేరడం అనేది బాగా తర్వాతి సంగతి, కొందరికి అసలు ఆ అవసరమే పడదు. అందుకే ఈ వ్యాసంలో చేరే పద్ధతి మధ్యలో వస్తుంది.

ఒక్క మాట ముందే చెబుతాను. చిరునామాలు, కమాండ్లు ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. +, @, = గుర్తులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

## అసలు ఈ పని మెయిల్లో ఎందుకు జరుగుతుంది

లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 1991 ఆగస్టు 25న ఒక న్యూస్‌గ్రూపులో (అప్పటి నెట్ చర్చావేదికలో) "నేనో ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నాను" అని చెప్పుకున్నప్పటి నుంచి ఇప్పటిదాకా కెర్నల్ పని ప్రధానంగా ఉత్తరాల మీదే నడుస్తోంది. గిట్‌హబ్‌లో కనిపించే లినక్స్ రిపాజిటరీ అద్దంలో బొమ్మ మాత్రమే. అక్కడ పుల్ రిక్వెస్టు (నా మార్పు తీసుకోండి అనే అభ్యర్థన) పెడితే పట్టించుకునేవాళ్లు ఉండరు. మార్పును ప్యాచ్‌గా, అంటే కోడులో ఏ వరుసలు తీసేశామో ఏవి చేర్చామో చూపే పాఠంగా, మెయిల్లో పంపాలి. చూసేవాళ్లు ఆ మెయిలుకే జవాబిస్తూ, కోడు వరుసల మధ్యలోనే తమ అభ్యంతరాలు రాస్తారు.

పాతకాలపు వ్యవహారంలా ఉందని తీసిపారేయకండి. ఏ కంపెనీ దగ్గరా ఖాతా తెరవకుండా, ఎవరికి నచ్చిన ప్రోగ్రాములో వాళ్లు చదువుకుంటూ, నెట్ లేనప్పుడు కూడా జవాబు రాసి పెట్టుకోగలిగే పద్ధతి ఇంకోటి ఇంతవరకూ కుదరలేదు.

ఈ లిస్టుల్లో ఎక్కువభాగం వీజర్ అనే సర్వరు మీద ఉంటాయి. దాని చిరునామా వీజర్ (వీ, జీ, ఈ, ఆర్ అక్షరాలు) డాట్ కెర్నల్ డాట్ ఆర్గ్. అక్కడ వందకు పైగా లిస్టులున్నాయి. వాటన్నిటికీ పెద్దన్న "లినక్స్-కెర్నల్" లిస్టు. పనిదినాల్లో రోజుకు వెయ్యికి పైచిలుకు మెయిళ్లు దాటుతుంది. దాన్ని మొత్తం చదివేవాళ్లు లేరనే చెప్పాలి. విజయవాడ బస్టాండులో మైకు రోజంతా మోగుతూనే ఉంటుంది, మనం చెవి పెట్టేది మాత్రం మన ఊరి పేరు వినబడినప్పుడే. మెయింటైనర్లు, అంటే కెర్నల్‌లో ఒక్కో విభాగం బాధ్యత చూసేవాళ్లు, కూడా అంతే. ఎవరి విభాగం లిస్టు వాళ్లు చదువుకుంటారు, పెద్ద లిస్టును రికార్డు కోసం కాపీలో పెడతారు.

## మొదటి మెట్టు: చేరకుండా చదవడం

లోర్ (ఎల్, ఓ, ఆర్, ఈ) డాట్ కెర్నల్ డాట్ ఆర్గ్ తెరవండి. లిస్టుల ఆర్కైవు అది. లాగిన్ లేదు, ప్రకటనలు లేవు, ఫోన్లో కూడా తేలిగ్గా తెరుచుకుంటుంది. జాబితాలో మీకు ఆసక్తి ఉన్న లిస్టు నొక్కితే తాజా సంభాషణలు పైన కనిపిస్తాయి.

ఒక రెండు వారాలు ఇక్కడే గడపండి. రోజూ ఓ అరగంట చాలు. ఎవరు ఎక్కువ మాట్లాడుతున్నారు, ఎవరి మాటకు చర్చ ముగిసిపోతోంది, ఎలాంటి ప్యాచ్‌కు వెంటనే జవాబొస్తోంది, ఎలాంటిది అలా గాల్లో మిగిలిపోతోంది అన్నది ఆపాటికి పట్టుబడుతుంది. దీన్ని నేర్పే పుస్తకం లేదు.

వెతుకులాట పెట్టెలో కొన్ని గుర్తులు పనికొస్తాయి. "ఎస్" అక్షరం, కోలన్ పెట్టి మాట రాస్తే సబ్జెక్టులో వెతుకుతుంది. "ఎఫ్", కోలన్ పెడితే పంపినవారి పేరులో. "డీఎఫ్ఎన్", కోలన్ పెట్టి ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలును ముట్టుకున్న ప్యాచ్‌లన్నీ వరసగా వస్తాయి. నన్నడిగితే కొత్తవాళ్లకు ఈ మూడోదే బంగారం. మీరు ఓ డ్రైవర్ ఫైల్లో చిన్న సవరణ చేద్దామనుకుంటే, ముందు ఆ ఫైలు పేరుతో వెతకండి. అదే సవరణ ఇంతకుముందే ఎవరో పంపి, ఫలానా కారణంతో తిరస్కరణకు గురై ఉండొచ్చు. ఆ కారణం చదివితే మీకు ఒక సాయంత్రం మిగులుతుంది, మెయింటైనర్‌కు ఒక విసుగు తగ్గుతుంది.

ప్రతి మెయిలుకూ మెసేజ్-ఐడీ అని ఒక గుర్తింపు ఉంటుంది. లోర్‌లో లింకు చివర కనిపించేది అదే. ఎక్కడైనా ఒక చర్చను ప్రస్తావించాలంటే స్క్రీన్‌షాట్ కాదు, ఈ లింకు ఇవ్వాలి.

రోజూ బ్రౌజర్ తెరవడం బరువనిపిస్తే ఇంకో దారి ఉంది. లోర్‌కు న్యూస్‌గ్రూపు ద్వారం కూడా ఉంది. థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో న్యూస్ ఖాతా తెరిచి, సర్వరు పేరు దగ్గర లోర్ చిరునామాకు ముందు "ఎన్ఎన్‌టీపీ", చుక్క పెట్టి ఇస్తే చాలు. లిస్టులన్నీ ఫోల్డర్లలా వస్తాయి. మీ మెయిల్‌బాక్సులో ఒక్క ఉత్తరం పడదు. చదవాలనిపించినప్పుడు తెరుస్తారు, లేనప్పుడు లేదు. కమాండ్ లైనుకు అలవాటు పడ్డవాళ్లకు "లెయ్" (ఎల్, ఈ, ఐ) అనే పనిముట్టు ఉంది. ఒక వెతుకులాటను భద్రపరచి పెడితే, దానికి సరిపడే సంభాషణలను మాత్రమే మీ కంప్యూటర్లోకి దించుతుంది. చాలామందికి ఈ రెంటిలో ఒకటి చాలు, చేరడం గురించి చెప్పే నాలుగో మెట్టు దాటేసినా నష్టం లేదు.

## రెండో మెట్టు: మీ లిస్టు ఏదో తేల్చుకోవడం

కెర్నల్ సోర్సు దించుకుని ఉంటే స్క్రిప్ట్స్ ఫోల్డరులో "గెట్ మెయింటైనర్" అనే పెర్ల్ స్క్రిప్టు ఉంటుంది. దానికి ఫైలు పేరు ఇస్తే ఆ ఫైలు బాధ్యత ఎవరిది, ఏ లిస్టుకు రాయాలి అన్నది చెప్పేస్తుంది. అది చూసేది ప్రధానంగా "మెయింటైనర్స్" అనే పెద్ద ఫైలు. అందులో ఎమ్ అన్న వరుస మెయింటైనర్‌ది, ఆర్ సమీక్షకులది, ఎల్ లిస్టుది.

ఇక్కడ ఒక తిరకాసుంది. అన్ని లిస్టులూ వీజర్ మీద లేవు. మెమొరీ విభాగం లిస్టు "లినక్స్-ఎమ్ఎమ్" కేవాక్ (కే, వీ, ఏ, సీ, కే) డాట్ ఆర్గ్‌లో ఉంటుంది. ఆర్మ్ ప్రాసెసర్ల లిస్టు ఇన్‌ఫ్రాడెడ్ డాట్ ఆర్గ్‌లో. కొత్తగా నేర్చుకునేవారి "కెర్నల్‌న్యూబీస్" లిస్టు దాని సొంత సైటులో. ఏ సర్వరు మీద ఉందన్నదాన్ని బట్టి చేరే పద్ధతి, బయటికొచ్చే పద్ధతి మారతాయి. ఈ ఒక్క విషయం చూసుకోకపోవడం వల్లే సగం గందరగోళం పుడుతుంది.

ఏది ఎంచుకోవాలో తెలియకపోతే కెర్నల్‌న్యూబీస్ మంచిది. మెయిళ్ల తాకిడి తక్కువ, చిన్న ప్రశ్నలు అడిగినా చెల్లుతుంది.

## మూడో మెట్టు: చేరకముందే చిరునామా, ఫిల్టరు

ఇంట్లోవాళ్లకు, బ్యాంకుకు, ఆధార్‌కు ఇచ్చిన మెయిలుతో లిస్టులో చేరకండి. వేరే చిరునామా తీసుకోండి. లిస్టుకు రాసిన ప్రతి మెయిలూ ఆర్కైవులోకి పోతుంది, సెర్చ్ ఇంజిన్లకు దొరుకుతుంది, వెనక్కి తీసుకునే వీలు లేదు. సంతకంలో ఫోన్ నంబరు, హాస్టల్ గది నంబరు పెట్టే అలవాటుంటే ఇప్పుడే తీసెయ్యండి.

ఆర్కైవు మంచి చెడ్డలు తెలుగువాళ్లకు బాగానే తెలుసు. యాహూ గ్రూప్స్‌లో "రచ్చబండ" లాంటి చోట్ల సాహిత్య చర్చలు ఉత్తరాల మీద నడిచిన కాలం ఒకటుంది. 2020 డిసెంబర్ 15న యాహూ ఆ సేవనే మూసేసింది. ఎవరో విడిగా దాచుకున్నవి తప్ప అక్కడి ఉత్తరాలు ఎవరికీ అందకుండా పోయాయి. కెర్నల్ ఆర్కైవు పరిస్థితి దానికి పూర్తిగా తలకిందులు. దాన్ని ఎవరైనా గిట్‌తో (కోడు మార్పుల చరిత్రను దాచే పనిముట్టుతో) తమ కంప్యూటర్లోకి పూర్తిగా నకలు చేసుకోవచ్చు. ఒకచోట తీసేసినా ఇంకోచోట ఉంటుంది.

పేరు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోండి. మన సర్టిఫికెట్లలో ఇంటిపేరు ముందుంటుంది. దాన్ని అలాగే పెట్టుకుంటే అవతలివాళ్లు మిమ్మల్ని ఇంటిపేరుతోనే పిలుస్తారు. పిలిపించుకోవాలనుకునే పేరు ముందు పెట్టుకోండి. తర్వాత ప్యాచ్‌ల మీద సంతకంగా పడేది కూడా ఆ పేరే కనుక మారుపేర్లు, ఆటల్లో వాడే పేర్లు వద్దు.

ఇక ఫిల్టరు. చేరిన తర్వాత పెట్టుకుందాంలే అనుకోవద్దు, వెయ్యి మెయిళ్లు మీ కోసం ఆగవు. జీమెయిల్లో కొత్త ఫిల్టరు తెరిచి, "ఈ పదాలున్నవి" అన్న గడిలో "లిస్ట్", కోలన్, ఆ వెంటనే లిస్టు గుర్తింపు రాయండి. పెద్ద లిస్టుకైతే అది "లినక్స్-కెర్నల్ డాట్ వీజర్ డాట్ కెర్నల్ డాట్ ఆర్గ్". చిరునామాలో @ ఉన్నచోట చుక్క ఉంటుంది, అంతే తేడా. ఇన్‌బాక్సును దాటవేయమని, ఒక లేబులు తగిలించమని చెప్పండి. "టూ" గడి ఆధారంగా ఫిల్టరు పెడితే పూర్తిగా పనిచేయదు, లిస్టు చిరునామా చాలాసార్లు కాపీలో ఉంటుంది. సబ్జెక్టు ఆధారంగా అసలే కుదరదు, ఈ లిస్టు సబ్జెక్టుకు ఏ పేరూ తగిలించదు.

జీమెయిల్ వాడేవాళ్లను తికమక పెట్టే రెండు విషయాలు ఉన్నాయి. మీరు లిస్టుకు పంపిన మెయిలు మీకు తిరిగి రాదు. అందుకని వెళ్లలేదేమో అనుకుని మళ్లీ పంపుతారు. వెళ్లిందో లేదో లోర్‌లో చూసుకోవాలి, ఇన్‌బాక్సులో కాదు. రెండోది, ఎవరైనా మీకూ లిస్టుకూ కలిపి రాస్తే ఒకే మెయిలు రెండు దారుల్లో వస్తుంది. జీమెయిల్ ఒక్కటే ఉంచుతుంది, సాధారణంగా ముందొచ్చినదాన్ని. నేరుగా వచ్చినదానికి లిస్టు గుర్తింపు ఉండదు కనుక లేబులు తగలదు, ఇన్‌బాక్సులో పడుతుంది. ఇది పొరపాటుగా జరిగినా మనకు మేలే: మిమ్మల్ని ఉద్దేశించి రాసినవి కళ్లెదుట ఉంటాయి.

## నాలుగో మెట్టు: చేరడం

వీజర్ లిస్టుల విషయంలో పాత పాఠాలను నమ్మకండి. "మేజర్‌డోమో అనే చిరునామాకు ఫలానా వాక్యం రాసి పంపండి" అని ఇప్పటికీ చాలా సైట్లలో కనిపిస్తుంది. 2023 చివర్లో వీజర్ ఆ పాత యంత్రాంగాన్ని వదిలేసి కొత్తదానికి మారింది.

ఇప్పటి పద్ధతి ఇది. లిస్టు పేరు తర్వాత + గుర్తు పెట్టి "సబ్‌స్క్రైబ్" అని చేర్చాలి. అంటే "లినక్స్-కెర్నల్+సబ్‌స్క్రైబ్", ఆ తర్వాత @ పెట్టి వీజర్ చిరునామా. ఆ చిరునామాకు ఖాళీ మెయిలు పంపండి. సబ్జెక్టు, విషయం ఏమీ అక్కర్లేదు. ఏ చిరునామా నుంచి పంపారో అదే నమోదవుతుంది కనుక కొత్త చిరునామా నుంచే పంపాలి. కాసేపట్లో ధ్రువీకరించమని ఒక మెయిలు వస్తుంది. దానికి జవాబు కొడితే పని పూర్తి. రాకపోతే స్పామ్ ఫోల్డరు చూడండి. మిగతా వీజర్ లిస్టులకూ ఇదే, పేరు మారుతుంది.

కెర్నల్‌న్యూబీస్, ఆర్మ్ లిస్టుల్లాంటివి మెయిల్‌మ్యాన్ అనే వేరే సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి. వాటికి వెబ్ పేజీ ఉంటుంది, అక్కడ మెయిలు ఇచ్చి నమోదు చేసుకోవాలి. మెయిల్‌మ్యాన్‌లో రోజువారీ మెయిళ్లన్నీ ఒక కట్టగా పంపే డైజెస్ట్ సదుపాయం ఉంది. చదవడానికి హాయిగానే ఉంటుంది. కానీ డైజెస్టుకు జవాబు కొట్టకండి. సబ్జెక్టులో డైజెస్ట్ సంపుటి నంబరు వెళుతుంది, కింద ఇరవై మంది మాటలు వేలాడతాయి, మీరు ఎవరికి చెబుతున్నారో ఎవరికీ అర్థం కాదు.

## ఐదో మెట్టు: మునిగిపోకుండా చదవడం

సబ్జెక్టు వరుస చదవడం వస్తే పదింట తొమ్మిది మెయిళ్లు తెరవకుండానే వదిలెయ్యొచ్చు. ఒకటి తీసుకుని విడదీద్దాం:

[ప్యాచ్ నెట్-నెక్స్ట్ వీ3 2/5] నెట్: ఫలానా డ్రైవర్: లోపం వచ్చినప్పుడు మెమొరీ వదలడం

చదరపు బ్రాకెట్లలో "ప్యాచ్" అని ఉంది కనుక ఇది చర్చ కాదు, కోడు. "నెట్-నెక్స్ట్" అంటే నెట్‌వర్కింగ్ విభాగంలో తర్వాతి విడుదలకు ఉద్దేశించినది. "వీ3" అంటే ఇదే పని ఇప్పటికే రెండుసార్లు వచ్చి వెళ్లింది. 2/5 అంటే ఐదు ప్యాచ్‌ల వరసలో రెండోది. మీరు తెరవాల్సింది దీన్ని కాదు, ఇదే వరసలో 0/5ను. అది ముందుమాట: ఎందుకు చేస్తున్నారు, గత రెండుసార్ల తర్వాత ఏం మార్చారు అన్నది అందులో ఉంటుంది. ముందుమాట, దాని కింద వచ్చిన జవాబులు చదివితే కథ తెలిసిపోతుంది.

"ఆర్ఎఫ్‌సీ" అని ఉంటే అభిప్రాయం కోరుతున్నారని. "గిట్ పుల్" అంటే ఒక మెయింటైనర్ తన విభాగం పనంతా లైనస్‌కు అప్పజెబుతున్నాడని. ఆ కాలంలో ఆ విభాగంలో ఏం జరిగిందో ఒక్క పేజీలో తెలుసుకోవాలంటే వీటిని మించినవి లేవు.

వరదలా వచ్చి ఇన్‌బాక్సు ముంచేవి స్టేబుల్ విడుదలల (ఇప్పటికే వచ్చిన కెర్నళ్లకు లోపాలు సరిదిద్దే వెర్షన్ల) సమీక్ష మెయిళ్లు. బ్రాకెట్లలో ప్యాచ్ పక్కన 6.6, 6.12 లాంటి వెర్షను సంఖ్య, ఆ తర్వాత మూడంకెల లెక్క కనిపిస్తే అవే. నిమిషాల్లో వందలు దిగుతాయి. కొత్తవాళ్లకు వాటితో పనిలేదు, మొహమాటం లేకుండా ఫిల్టరు పెట్టి పక్కకు తోసెయ్యండి. మనుషులు కానివాళ్లు కూడా రాస్తుంటారు. కెర్నల్ టెస్ట్ రోబో ఇంటెల్ వారిది, మీ ప్యాచ్‌తో కెర్నల్ ఎక్కడ బిల్డు కావడం (కోడు నుంచి తయారవడం) లేదో చెబుతుంది. సిజ్‌బాట్ గూగుల్‌ది, అడ్డదిడ్డమైన ఇన్‌పుట్లతో కెర్నల్‌ను పడగొట్టి నివేదిక పంపుతుంది. రోబో కదా అని మీ ప్యాచ్ మీద వచ్చిన ఫిర్యాదును వదిలేస్తే, తర్వాత మనిషే వచ్చి అదే అడుగుతాడు.

పొడుగాటి వాదం మొదలైతే జీమెయిల్లో మ్యూట్ నొక్కండి, ఆ సంభాషణ మళ్లీ పైకి రాదు. థండర్‌బర్డ్‌లో "ఇగ్నోర్ థ్రెడ్" ఉంది. వారం రోజులు ఊరెళ్లి వస్తే పేరుకున్నవన్నీ చదువుదామని కూర్చోకండి. మొత్తం చదివినట్టు గుర్తు పెట్టేసి ఆ రోజు నుంచి మొదలెట్టండి. ముఖ్యమైనదేదైనా జరిగి ఉంటే ఎల్‌డబ్ల్యూఎన్ పత్రికలో వస్తుంది. జొనాథన్ కార్బెట్ బృందం గురువారం గురువారం వెలువరించే సంచికలో కెర్నల్ చర్చల సారం ఉంటుంది. చందాదారులకు ముందు, కొన్నాళ్ల తర్వాత అందరికీ ఉచితం. లిస్టులో మూడొందల మెయిళ్ల గొడవను అందులో పది నిమిషాల్లో చదువుకోవచ్చు.

## ఆరో మెట్టు: రాయడం

మాటలకన్నా ముందు రూపం చూస్తారు. వీజర్ హెచ్‌టీఎమ్ఎల్ మెయిలును లోపలికి రానివ్వదు. రంగులు, బొద్దు అక్షరాలు ఏవీ లేని సాదా అక్షరాల మెయిలే పంపాలి. ఫోన్లోని జీమెయిల్ యాప్‌తో ఇది కుదరదు. బ్రౌజర్లో రాసే పెట్టెలోని మెనూలో సాదా అక్షరాల ఎంపిక ఉంటుంది, మామూలు జవాబులకు అది సరిపోతుంది. ప్యాచ్‌కు మాత్రం సరిపోదు. జీమెయిల్ వెబ్ ట్యాబులను ఖాళీలుగా మార్చేస్తుంది, పొడుగు వరుసలను విరిచేస్తుంది, ప్యాచ్ పాడైపోతుంది. అటాచ్‌మెంటుగా పెట్టడమూ వద్దు.

ప్యాచ్ పంపడానికి "గిట్ సెండ్-ఈమెయిల్" వాడండి. జీమెయిల్ సర్వరుతోనే పంపొచ్చు. దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టుకుని యాప్ పాస్‌వర్డు తీసుకోవాలి. ముందు మీకు మీరే పంపుకోండి. వచ్చినదాన్ని ఫైలుగా దాచి "గిట్ ఏఎమ్"తో ఎక్కించి చూడండి. ఎక్కితేనే లిస్టుకు. కాలేజీ నెట్‌వర్కులో మెయిలు పంపే పోర్టులు మూసేసి ఉంటే "బీ4" అనే పనిముట్టు ఆదుకుంటుంది. అది కెర్నల్ డాట్ ఆర్గ్ వెబ్ ద్వారం గుండా పంపిస్తుంది.

జవాబు రాసేటప్పుడు పైన రాసి కింద పాత మెయిలంతా వేలాడదీసే ఆఫీసు పద్ధతి ఇక్కడ చెల్లదు. అవసరమైన వరుస ఉంచి, మిగతాది కోసేసి, దాని కిందే జవాబు రాయాలి. ఇలా (అక్కడ మాట ఇంగ్లీషులోనే నడుస్తుంది, పద్ధతి చూడండి):

> ఇక్కడ లోపం వచ్చి బయటికొస్తే ముందు తీసుకున్న మెమొరీని ఎవరు వదులుతారు?

ఎవరూ వదలడం లేదు. బయటికొచ్చే దారిలో వదిలేలా వీ2లో మారుస్తాను.

> వేరియబుల్ పేరు బాగాలేదు.

పక్క ఫంక్షనులో ఉన్న పేరే వాడాను. రెండిటినీ కలిపి మార్చమంటే వేరే ప్యాచ్‌గా పంపుతాను.

రెండో జవాబు గమనించండి. ఒప్పేసుకోలేదు, ఎదురు తిరగలేదు. ఎందుకలా చేశారో చెప్పి, ఏం కావాలో అడిగారు. చెప్పినదానికల్లా తలూపి కొత్త వెర్షను పంపేవాళ్లకన్నా ఇలా రాసేవాళ్లను మెయింటైనర్లు గుర్తుపెట్టుకుంటారు.

ఎప్పుడూ అందరికీ జవాబివ్వండి. ఒక్కరికే రాస్తే ఆ సమాధానం మిగతావాళ్లకు అందదు. ఇక మీరు లిస్టులో లేనప్పుడు వచ్చిన మెయిలుకు జవాబివ్వాలంటే లోర్‌లో ఆ మెయిలు కింద పద్ధతి రాసే ఉంటుంది. ఎమ్‌బాక్సు (మెయిళ్లను దాచిన ఫైలు) దించుకుని మీ ప్రోగ్రాములో తెరవొచ్చు, లేదా అక్కడిచ్చిన కమాండును కాపీ చేసుకోవచ్చు. కొత్త మెయిలు తెరిచి సబ్జెక్టు మాత్రం అతికిస్తే సంభాషణ తెగిపోతుంది. దారాన్ని కలిపి ఉంచేది సబ్జెక్టు కాదు, మెసేజ్-ఐడీ.

"రెస్పెక్టెడ్ సర్" వద్దు. అవతల ఉన్నది సర్ కాకపోవచ్చు కూడా. పేరు పెట్టి "హాయ్" అంటే అమర్యాద కాదు, మనకంటే ముప్పై ఏళ్లు పెద్దవాళ్లైనా సరే. ఆఫీసు మెయిలు వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. చివర "ఈ సమాచారం గోప్యం" అని కంపెనీ తగిలించే పేరా ఉంటే బహిరంగ లిస్టులో మీ ప్యాచ్‌ను తీసుకోరు. సెలవు మీద వెళ్లేటప్పుడు ఆటోమేటిక్ జవాబు లిస్టుకు పోకుండా చూసుకోండి.

సమీక్షలు ముక్తసరిగా ఉంటాయి. "ఇది తప్పు. ఎందుకు?" అని నాలుగు మాటల్లో వస్తే కోపంతో రాశారని కాదు, ఆ రోజు వాళ్లు చూడాల్సినవి ఇంకా యాభై ఉన్నాయని. వ్యక్తిగతంగా దూషిస్తే మాత్రం వేరే సంగతి. 2018 సెప్టెంబరు నుంచి కెర్నల్‌కు ప్రవర్తనా నియమావళి ఉంది, ఫిర్యాదు చేసేందుకు దారి కూడా అందులోనే ఉంది.

జవాబు రాకపోతే కనీసం వారం ఆగండి. తొమ్మిది పది వారాలకోసారి కొత్త కెర్నల్ వస్తుంది. వచ్చిన వెంటనే రెండు వారాలు మెర్జ్ విండో, అంటే తర్వాతి కెర్నల్‌కు కొత్త పనిని లైనస్ కలుపుకునే గడువు. అప్పుడు మెయింటైనర్లకు ఊపిరాడదు, నెట్‌వర్కింగ్ విభాగమైతే కొత్త పనిని ఆ రెండు వారాలూ తీసుకోనే తీసుకోదు. ఆర్‌సీ1, అంటే ఆ గడువు ముగిశాక వచ్చే మొదటి పరీక్షా వెర్షను, వచ్చాక పంపితే మీ ప్యాచ్‌కు న్యాయం జరుగుతుంది. గుర్తు చేయాలనుకుంటే అదే సంభాషణలో ఒక్క వాక్యం రాయండి. వాళ్ల సొంత మెయిలుకు, లింక్డిన్‌కు వెళ్లకండి.

## ఏడో మెట్టు: మర్యాదగా బయటపడటం

పరీక్షలొచ్చాయి, ఉద్యోగం మారింది, ఆసక్తి పోయింది. ఏదైనా సరే, వెళ్లేటప్పుడు ఎవరికీ చెప్పనక్కర్లేదు. లిస్టుకు మాత్రం రాయకూడదు.

వీజర్ లిస్టుకైతే చేరినప్పటి పద్ధతే: "సబ్‌స్క్రైబ్" ఉన్నచోట "అన్‌సబ్‌స్క్రైబ్" పెట్టి ఖాళీ మెయిలు పంపండి, ధ్రువీకరణ వస్తే జవాబు కొట్టండి. మెయిళ్ల చివర సూచనలు వెతక్కండి, ఇప్పుడు వీజర్ అడుగున ఏమీ చేర్చదు. కంటికి కనబడని హెడర్లలో మాత్రం ఆ సమాచారం ఉంటుంది. 1998 నుంచీ ఉన్న ప్రమాణం అది. మెయిల్‌మ్యాన్ లిస్టులకు చేరిన వెబ్ పేజీలోనే బయటికొచ్చే దారి ఉంటుంది. కొద్దిరోజులకే అయితే పూర్తిగా రానక్కర్లేదు, మెయిళ్లు ఆపమనే ఎంపిక అక్కడే ఉంది.

"మీరు ఈ లిస్టులో లేరు" అని జవాబొచ్చి, మెయిళ్లు మాత్రం వస్తూనే ఉంటే కంగారు పడకండి. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. ఎప్పుడో కాలేజీ చిరునామాతో చేరారు, అది జీమెయిల్‌కు ఫార్వర్డు అవుతోంది. జీమెయిల్ నుంచి ఎన్నిసార్లు అడిగినా ఆ చిరునామా వాళ్ల జాబితాలో లేదు. ఏ చిరునామాతో చేరారో కనిపెట్టడానికి ఒక మెయిలు తెరిచి "అసలు రూపం చూపు" నొక్కండి. అందులో "రిటర్న్-పాత్" అనే వరుస ఇలా ఉంటుంది:

లినక్స్-కెర్నల్+బౌన్సెస్-అంకె-మీపేరు=కాలేజీ చిరునామా@వీజర్ చిరునామా

బౌన్సెస్, అంకె తర్వాత ఉన్నదే మీరు నమోదు చేసుకున్న చిరునామా, @ బదులు = గుర్తుతో. ఫార్వర్డింగు కొన్నిచోట్ల ఈ వరుసను మార్చేస్తుంది, అప్పుడు "డెలివర్డ్-టూ" వరుసలు చూడాలి. చిరునామా తెలిశాక అందులోకి లాగిన్ అయి అక్కడి నుంచే పంపాలి. కాలేజీ వదిలేశాక ఆ ఖాతా మూతపడితే మెయిళ్లు తిరుగుటపాలో పోతాయి, కొన్నాళ్లకు లిస్టే మిమ్మల్ని తీసేస్తుంది.

విసుగుతో "స్పామ్" నొక్కడం మాత్రం చేయకండి. మీరు బయటికి రారు, పైగా అదే మెయిల్ సేవ వాడే మిగతావాళ్లకు లిస్టు మెయిళ్లు స్పామ్‌లో పడే ప్రమాదం పెరుగుతుంది.

బయటికొచ్చినా కొన్ని మెయిళ్లు వస్తూనే ఉంటాయి. మీరు పాల్గొన్న సంభాషణల్లో మీ చిరునామా కాపీలో ఉంటుంది, జనం అందరికీ జవాబిస్తుంటారు. అది లిస్టు పని కాదు. ఆ సంభాషణను మ్యూట్ చేస్తే సరి. మీ ప్యాచ్ కెర్నల్లోకి వెళ్లి ఉంటే, రెండేళ్ల తర్వాత అందులో లోపం కనిపెట్టినవాళ్లు కమిట్‌లో (కోడు చరిత్రలో నమోదైన మీ మార్పులో) ఉన్న చిరునామాకే రాస్తారు. ఉద్యోగం మారి ఆ చిరునామా పోతే ఆ ఉత్తరం మీకు అందదు. కెర్నల్ సోర్సులో "మెయిల్‌మ్యాప్" అనే ఫైలుంది, పాత చిరునామా పక్కన కొత్తది చేర్చేది అందులోనే. పాత కంపెనీలో చివరి రోజు ల్యాప్‌టాప్ అప్పజెప్పేముందు ఆ ఒక్క వరుస ప్యాచ్ పంపేయండి. దానికీ వారం పట్టొచ్చు కాబట్టి నోటీసు పీరియడ్‌లోనే మొదలెట్టండి.